గడిచిన గండానికే సిద్ధం

(దివిసీమ ఉప్పెన మృతుల స్మారకోపన్యాసం. మెల్‌బోర్న్‌లో చేసిన ప్రసంగ పాఠం.)



1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో పోయినవాళ్ల పేరు మీద ఈ ఉపన్యాసం. సర్కారు లెక్కలోనే మృతులు పదివేల దాకా ఉన్నారు. ఆ లెక్కను నమ్మేవాళ్లు ఆ ప్రాంతంలో తక్కువ. సముద్రం అయిదారు మీటర్ల ఎత్తున లేచి నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ చుట్టుపక్కల ఊళ్ల మీదుగా పోయింది. అంతకు రెండేళ్ల ముందు హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలను నడిపించిన మండలి వెంకట కృష్ణారావు గారు అవనిగడ్డ మనిషి. మహాసభల వేదిక మీద కనబడిన ఆయన్నే ఉప్పెన తర్వాత దివిసీమ బురదలో సహాయ పనుల మధ్య చూశారు జనం.

దివిసీమ పేరు మీద పిలిచి మాట్లాడమంటే ఆస్ట్రేలియా గురించి మాట్లాడతాడేమిటని మీకు అనిపించవచ్చు. నాకు ఆ రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. దివిసీమకు మూడేళ్ల ముందు, 1974 క్రిస్మస్ తెల్లవారుజామున, ట్రేసీ అనే తుపాను డార్విన్ నగరం మీద పడింది. విమానాశ్రయంలో గాలివేగం కొలిచే పరికరం గంటకు 217 కిలోమీటర్లు చూపించి, ఆ తర్వాత అదే పాడైపోయింది. 66 మంది చనిపోయారు. ఊళ్లో ఇళ్లలో అధిక భాగం నేలమట్టం. మేజర్ జనరల్ అలన్ స్ట్రెటన్ చేతికి నగరాన్ని అప్పగించారు. 47 వేల జనాభాలో 30 వేల పైచిలుకు మందిని వారం రోజుల్లో విమానాల్లోనూ కార్లలోనూ బయటికి పంపేశారు.

ఆ తరలింపు గురించి ఈ దేశంలో ఎన్నో పుస్తకాలు వచ్చాయి. నా దృష్టిలో అంతకంటే పెద్ద పని జార్జ్ వాకర్ అనే ఇంజినీరుది. టౌన్స్‌విల్‌లో జేమ్స్ కుక్ విశ్వవిద్యాలయం ఆయనది. ఇళ్లు ఎందుకు ఎగిరిపోయాయో ఒక్కో ఇంటి దగ్గరా పరిశీలించాడు. గాలి ఒక్కసారిగా పీకేయడం వల్ల మాత్రమే కప్పులు లేచిపోలేదు. గంటల తరబడి రేకు పైకీ కిందికీ ఊగి ఊగి, బిగింపు ఉన్నచోట అలసి చిరిగింది. ఒక రేకు పోతే దాని పక్కది, అది పోతే గోడ. దీన్నుంచి ఒక నిబంధన పుట్టింది: కప్పు నుంచి పునాది దాకా ఇంటిని ఒకే గొలుసుగా కట్టిపడేయాలి, రేకుల్ని అదే విధంగా ఊపి పరీక్షించాలి. అందుకోసం టౌన్స్‌విల్‌లో తుపాను పరీక్షా కేంద్రం పెట్టారు. పెట్టిన ఏడు 1977.

2011 ఫిబ్రవరి 3న యాసీ తుపాను మిషన్ బీచ్ దగ్గర క్వీన్స్‌లాండ్ తీరం దాటింది. అయిదో తరగతి తుపాను, ట్రేసీ కంటే ఎన్నో రెట్లు పెద్ద చుట్టు. బాగా దెబ్బతిన్న ప్రాంతాల్లో 1980లకు ముందు కట్టిన ఇళ్లలో పన్నెండు శాతానికి పైగా కప్పులకు పెద్ద నష్టం జరిగింది. కొత్త నిబంధనల కింద కట్టినవాటిలో అది మూడు శాతంలోపే. చనిపోయినది ఒక్క మనిషి. అది కూడా గాలికి కాదు. మూసి ఉన్న గదిలో జనరేటర్ నడుపుకుని, ఆ పొగకు.

ఇంత మంచి కథతో మొదలుపెట్టానంటే తర్వాత చెప్పబోయేది అంత మంచిది కాదని మీరు ఊహించే ఉంటారు.

ముందు ఎవరి పని ఏమిటో ఒక్క నిమిషం. ఈ దేశంలో విపత్తుల బాధ్యత రాష్ట్రాలది. 1901 నాటి రాజ్యాంగం కేంద్రానికి రాసిచ్చిన అధికారాల జాబితాలో ఆ మాట లేదు కాబట్టి అది రాష్ట్రాలకే మిగిలింది. అగ్నిమాపక దళాలు, వరదల్లో నారింజ రంగు బట్టలతో కనిపించే ఎస్‌ఈఎస్ (రాష్ట్ర అత్యవసర సేవల దళం) వాలంటీర్లు, పోలీసులు, ఆసుపత్రులు, ఏ భూమిలో ఇల్లు కట్టవచ్చో చెప్పే చట్టాలు అన్నీ రాష్ట్రాలవే. రోజువారీ అమలు స్థానిక కౌన్సిళ్లది. కేంద్రం చేతిలో సైన్యం ఉంది, డబ్బు ఉంది. 2020 జనవరి మొదటి వారంలో, కార్చిచ్చులు ఉధృతంగా ఉన్నప్పుడు, ప్రధాని మోరిసన్ మూడువేల మంది రిజర్వు సైనికుల్ని పిలిచారు. ఆ సంగతి న్యూ సౌత్ వేల్స్ గ్రామీణ అగ్నిమాపక కమిషనర్ షేన్ ఫిట్జ్‌సిమన్స్‌కు వార్తల ద్వారా తెలిసింది. నిప్పుతో పోరాడుతున్న మనిషికి సాయం వస్తున్నదని టీవీ చెప్పాల్సి వచ్చింది. ఆ వేసవి మీద వేసిన రాయల్ కమిషన్ 80 సిఫార్సులు చేసింది. ఆ ఏడాది డిసెంబరులోనే జాతీయ అత్యవసర పరిస్థితిని ప్రకటించే చట్టం వచ్చింది. అయినా బండి లాగాల్సింది రాష్ట్రాలే.

ఆ రాష్ట్రాలు ఎంత సిద్ధంగా ఉన్నాయి? నా జవాబు చెప్పేస్తాను, తర్వాత మీరు వాదించవచ్చు. గడిచిన గండానికి అవి బాగా సిద్ధంగా ఉంటాయి. నిన్నటి విపత్తును అణువణువూ శోధించి, దాని కొలతలకు గోడ కడతాయి. రేపటిది ఆ కొలతల్లో రాదు.

విక్టోరియానే తీసుకుందాం. 1983 ఫిబ్రవరి 16, యాష్ వెడ్నెస్‌డే. విక్టోరియా, సౌత్ ఆస్ట్రేలియాల్లో కలిపి 75 మంది చనిపోయారు. చివరి నిమిషంలో ఇల్లు వదిలి పారిపోతూ దారిలో కాలిపోయినవాళ్లు చాలామంది. ఇంటి దగ్గరే నిలబడి నిప్పురవ్వల్ని ఆర్పుకున్నవాళ్లలో ఎక్కువమంది బతికారు. దాన్నుంచి తీసిన పాఠం: సిద్ధపడి, ఉండి ఇల్లు కాపాడుకో, లేదా ముందే వెళ్లిపో. నిజానికి మంచి పాఠం. పాతికేళ్లపాటు ఊరూరా అదే చెప్పారు, జనం నమ్మారు.

2009 ఫిబ్రవరి 7, శనివారం. తర్వాత బ్లాక్ సాటర్‌డే అని పేరుపడిన రోజు. మెల్‌బోర్న్‌లో 46.4 డిగ్రీలు. ముందురోజే ప్రీమియర్ జాన్ బ్రంబీ జనాన్ని హెచ్చరించారు, రాష్ట్ర చరిత్రలోనే చెడ్డ రోజుల్లో ఒకటి కావచ్చని. అంటే ప్రభుత్వం నిద్రపోలేదు. మధ్యాహ్నానికి ముందే కిల్‌మోర్ ఈస్ట్‌లో పాత కరెంటు తీగ తెగింది. ఆ ఒక్క నిప్పే 119 మందిని తీసుకుంది. సాయంత్రం గాలి నైరుతికి మళ్లేసరికి, అప్పటిదాకా సన్నగా పొడుగ్గా పోతున్న మంట పక్కభాగమంతా ముఖమై ముందుకు నడిచింది. కింగ్‌లేక్ దాని దారిలో ఉంది. ఇంకో నిప్పు మేరీస్‌విల్‌ను దాదాపు తుడిచిపెట్టింది. రాష్ట్రం మొత్తం మీద 173 మంది. వాళ్లలో 113 మంది ఇళ్లలోపలే పోయారు. ఉండి కాపాడుకోమన్న ఇళ్లలో.

న్యాయమూర్తి బెర్నార్డ్ టీగ్ రాయల్ కమిషన్ ముందుకు వచ్చిన వివరాల్లో ఒకటి నన్ను వదలదు. కిల్‌మోర్ నిప్పు ఎటు పోతున్నదో కంగారూ గ్రౌండ్‌లోని నియంత్రణ కేంద్రానికి అర్థమైంది. కింగ్‌లేక్ వైపు ఊళ్లకు హెచ్చరికలు రాసి పెట్టుకున్నారు. కానీ ఆ నిప్పు అధికారికంగా వాళ్లది కాదు, కిల్‌మోర్ కేంద్రానిది. తమది కాని నిప్పు మీద హెచ్చరిక ఇచ్చే అధికారం తమకు లేదనుకున్నారు. కాగితం బల్లమీదే ఉండిపోయింది. మన తాలూకా ఆఫీసుల్లో ఫైలు ఎవరి పరిధిలోదో తేలక ఆగిపోవడం మనకు తెలుసు. అలాంటిది ఇక్కడ ఉండదనుకుని విమానం ఎక్కినవాళ్లం.

కమిషన్ 67 సిఫార్సులు చేసింది. చాలావరకు అమలయ్యాయని ఒప్పుకోవాలి. అగ్ని ప్రమాద సూచికలో ‘ఇవాళ ఉండకండి, వెళ్లిపోండి’ అని చెప్పే పై మెట్టు వచ్చింది. అన్ని దళాల మీదా ఒక అత్యవసర నిర్వహణ కమిషనర్ వచ్చాడు. కరెంటు తీగ తెగి నేలమీద పడితే రెప్పపాటులో విద్యుత్ ప్రవాహాన్ని అణిచేసే యంత్రాల్ని ప్రమాదకర ప్రాంతాల సబ్‌స్టేషన్లలో పెట్టారు. మనలో ఎవరూ వాటిని చూడలేదు, చూడం కూడా. ఏ మంత్రీ వాటి ముందు రిబ్బను కత్తిరించి ఓట్లు తెచ్చుకోలేడు. జార్జ్ వాకర్ రేకుల బిగింపు లాగే, విక్టోరియా చేసినవాటిలో నాకు ఎక్కువ నచ్చినది ఇదే.

కొత్త పాఠం ఏమిటి? ముందే వెళ్లిపో. పదేళ్ల తర్వాత, 2019 డిసెంబరు 31 ఉదయం, మల్లకూటా అనే సముద్రతీరపు ఊళ్లో నాలుగువేల మంది నీటి ఒడ్డున నిలబడి ఉన్నారు. తొమ్మిది గంటలకు ఆకాశం నల్లబడి, తర్వాత ఎర్రబడింది. ఊళ్లోకి వచ్చేది ఒకే రోడ్డు, కార్చిచ్చుకు అది మూసుకుపోయింది. ఎక్కడికి వెళ్లాలి? జనవరి మొదటి వారంలో నౌకాదళం వాళ్ల చౌల్స్ ఓడ వచ్చి వందల మందిని తీసుకుపోయింది. సెలవుల్లో జనం కిక్కిరిసే ఊరికి ఒకే దారి ఉందన్నది రహస్యం కాదు. వెళ్లిపొమ్మనే విధానం ఎలా వెళ్లాలన్నదాన్ని అడగలేదు.

బ్లాక్ సాటర్‌డే గురించి ఈ దేశంలో ప్రతి పిల్లవాడికీ తెలుసు. దానికి వారం ముందు జరిగినదాని గురించి చాలామందికి తెలియదు. 2009 జనవరి చివరలో మెల్‌బోర్న్‌లో వరుసగా మూడు రోజులు 43 డిగ్రీలు దాటింది. రైలు పట్టాలు వంగాయి, కరెంటు పోయింది. ఆ వారంలో విక్టోరియాలో మామూలుగా చనిపోయేవాళ్లకంటే 374 మంది ఎక్కువ చనిపోయారని రాష్ట్ర ముఖ్య ఆరోగ్యాధికారి లెక్క కట్టారు. మంటల్లో పోయినవాళ్లకు రెట్టింపు కంటే ఎక్కువ. ఎక్కువమంది వయసుమళ్లినవాళ్లు. వాళ్లకు రాయల్ కమిషన్ లేదు, స్మారకం లేదు. మంట కనబడుతుంది, ఎండ కనబడదు. తర్వాత ఎండ హెచ్చరికల పద్ధతి ఒకటి వచ్చింది. 2014లో మళ్లీ అలాంటి ఎండలు వచ్చినప్పుడు అదనపు మరణాలు 167కు తగ్గాయి. తగ్గాయనే అనాలి. వేసవిలో మనవళ్లను చూసుకోవడానికి ఊరినుంచి మన అమ్మానాన్నలు వచ్చేది సరిగ్గా ఆ నెలల్లోనే. విజయవాడ ఎండలు చూసినవాళ్లం, ఇదేం ఎండ అని వాళ్లు నవ్వేస్తారు. విజయవాడలో గోడలు మందం, సీలింగ్ ఫ్యాను ఉంటుంది, మధ్యాహ్నం వీధిలోకి వెళ్లరు. ఇక్కడ చలికోసం కట్టిన పల్చటి అద్దె ఇంట్లో ఫ్యాను కూడా లేని పడకగదిలో ఉంటారు.

ఇంకో గండం మరీ మన గుమ్మంలోకే వచ్చింది. 2016 నవంబరు 21 సాయంత్రం. వేడి రోజు, తర్వాత ఉరుములతో గాలివాన. గడ్డి పుప్పొడి ఆ గాలిలో చిట్లి అతి సన్నటి రేణువులై మనుషుల ఊపిరితిత్తుల్లోకి పోయింది. నగరం పడమర, ఉత్తర శివార్లలో వేలమంది ఒకేసారి ఊపిరాడక అంబులెన్సులకు ఫోన్లు చేశారు. పదిమంది చనిపోయారు. ఆసుపత్రులకు చేరినవాళ్లలో భారత, శ్రీలంక, ఆగ్నేయాసియా మూలాల వాళ్లు జనాభాలో తమ వాటాకంటే చాలా ఎక్కువ ఉన్నారని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. అంతకుముందు ఆస్తమా అన్న మాటే తెలియని వాళ్లు ఎందరో. కనీవినీ ఎరగని ఘటన అని అధికారులు అన్నారు. ఎరగకపోవడమేమిటి? ఇదే నగరంలో 1987లోనూ 1989లోనూ 2010లోనూ ఇలాంటివే చిన్నస్థాయిలో జరిగాయి. వైద్య పత్రికల్లో రాశారు. డాక్టర్ల గదిలో ఉన్న సంగతి విపత్తుల శాఖ గదిలోకి నడిచి రాలేదు, అంతే. అయితే ఒకసారి దెబ్బ తగిలాక మాత్రం రాష్ట్రం వేగంగా కదిలింది. 2017 అక్టోబరు నాటికి ముందస్తు హెచ్చరిక పద్ధతి పనిచేయడం మొదలైంది. ట్రుగనీనాలోనో టార్నీట్‌లోనో ఉన్న మీకు నవంబరు, డిసెంబరుల్లో ఫోనులో ఆ హెచ్చరిక వస్తే, దాన్ని వాట్సాప్ గ్రూపులో శుభోదయం బొమ్మల కింద పాతిపెట్టకండి. 2021 జనగణనలో దాదాపు 60 వేలమంది ఇంట్లో తెలుగు మాట్లాడతామన్నారు. వాళ్లలో ఇంగ్లీషు రానివాళ్లు తక్కువే. కానీ ఆ తక్కువమందే ఇంట్లో పగలంతా ఒంటరిగా ఉండేవాళ్లు.

ఇప్పుడు నీళ్ల దగ్గరికి వస్తాను. న్యూ సౌత్ వేల్స్ ఉత్తరాన లిస్మోర్. నదుల సంగమం దగ్గర పుట్టిన ఊరు, వరదలు అలవాటే. 1954, 1974 వరదలు అక్కడివాళ్లకు కొలబద్దలు. 2005లో కరకట్ట కట్టారు, చిన్న వరదల్ని ఆపింది. 2017లో డెబీ తుపాను తర్వాత నీళ్లు కట్ట దాటాయి. దుకాణదారులు ఆ మట్టాన్ని గోడమీద గుర్తు పెట్టుకున్నారు. 2022 ఫిబ్రవరి 27 రాత్రి, రేపు వరద అంటే, సరుకును ఆ గుర్తుకు పైకి ఎత్తి పెట్టుకుని పడుకున్నారు. అర్ధరాత్రి దాటాక అంచనాలు మారుతూ వచ్చాయి. 28న నీళ్లు 14.4 మీటర్లకు వచ్చాయి. నూరేళ్ల పైబడిన రికార్డులన్నింటికీ రెండు మీటర్లు పైన. స్తంభాల మీద ఎత్తుగా కట్టిన ఇళ్లలో జనం అటకెక్కి, కప్పు రేకులు విరగ్గొట్టుకుని బయటికి వచ్చారు. ఎస్‌ఈఎస్ దగ్గర పడవలు చాలలేదు. ఫోన్లు కలవలేదు. చేపలు పట్టుకునే చిన్న పడవలున్నవాళ్లు, కొన్నిచోట్ల బయటికి రావద్దని అధికారులు చెప్పినా వినకుండా, వెళ్లి వందలమందిని కప్పుల మీదనుంచి దించారు.

దివిసీమ గురించి తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ లేదు. మొదటి రోజు పక్కింటివాడే ప్రభుత్వం. వింతల్లా తర్వాతదే. 2019-20 కార్చిచ్చుల తర్వాత ఆ రాష్ట్రం ‘రెజిలియన్స్ ఎన్ఎస్‌డబ్ల్యూ’ అని ఒక కొత్త సంస్థ పెట్టింది, ఫిట్జ్‌సిమన్స్‌నే దాని అధిపతిని చేసింది. వరదల్లో అది తడబడింది. మేరీ ఓకేన్, మిక్ ఫుల్లర్ విచారణ నివేదిక వచ్చింది. ఆ ఏడాది చివరికల్లా ఆ సంస్థను రద్దుచేసి పునర్నిర్మాణ ప్రాధికార సంస్థ అని ఇంకొకటి పెట్టారు. నిప్పు మీద పాఠం నేర్చుకున్న సంస్థకు నీళ్లు వచ్చాయి. బోర్డు మారింది. అధికారుల్లో చాలామంది అవే ఫోను నంబర్ల దగ్గర ఉండి ఉంటారని నా అనుమానం.

డబ్బు లెక్క చూస్తే ఇది ఎందుకిలా జరుగుతోందో తెలుస్తుంది. ప్రొడక్టివిటీ కమిషన్ 2014లో ముగించిన విచారణలో ఒక సంఖ్య తేల్చింది: విపత్తుల మీద పెట్టే ప్రభుత్వ ధనంలో 97 శాతం విపత్తు తర్వాత ఖర్చవుతోంది, 3 శాతం ముందు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అని మనం తేలిగ్గా అనేస్తాం. ఇక్కడ అది ఒక జమాఖర్చుల పద్ధతి. రాష్ట్రం రోడ్డునో వంతెననో పోగొట్టుకుంటే కేంద్రం ఖర్చులో 75 శాతం దాకా తిరిగి ఇస్తుంది. అదే వంతెనను ముందే ఎత్తు పెంచుకుంటానంటే పాత పద్ధతిలో ఆ తలుపు దాదాపు మూసి ఉండేది. కూలితే కేంద్రం డబ్బు, బలపరిస్తే సొంత డబ్బు. ఏ రాష్ట్ర ఆర్థిక మంత్రి అయినా ఏం చేస్తాడు? 2023 నుంచి ఏటా 20 కోట్ల డాలర్ల దాకా ముందస్తు పనులకిచ్చే నిధి ఒకటి నడుస్తోంది. మంచిదే. దేశం సైజు చూస్తే చిన్నదే.

ఓటరును కూడా ఇందులోకి లాగాలి. అమెరికాలో ఆండ్రూ హీలీ, నీల్ మల్హోత్రా అనే ఇద్దరు పరిశోధకులు 2009లో ఒక అధ్యయనం అచ్చువేశారు. విపత్తు తర్వాత సాయం పంచిన నాయకుడికి జనం ఓటు వేస్తారు, ముందే ఖర్చుపెట్టి విపత్తును తగ్గించినవాడికి వేయరు అని వాళ్లు తేల్చారు. ముందు పెట్టిన ఒక డాలరు తర్వాతి పదిహేను డాలర్ల నష్టాన్ని ఆపుతుందని కూడా వాళ్లే లెక్కగట్టారు. మన దగ్గర పరిశోధన అక్కర్లేదు. బియ్యం బస్తా ఇచ్చినవాడి పేరు గుర్తుంటుంది. డ్రెయిను పూడిక తీయించినవాడి పేరు ఎవరికి గుర్తు?

విజయవాడనే చూడండి. 2009 అక్టోబరులో కృష్ణకు భయంకరమైన వరద వచ్చింది. కృష్ణలంక జనాన్ని కాపాడడానికి నది ఒడ్డున పెద్ద గోడ కట్టారు. 2024 సెప్టెంబరు మొదటి రెండు రోజుల్లో ప్రకాశం బరాజ్ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, ఎన్నడూ చూడనంత ప్రవాహం. గోడ నిలబడింది. కృష్ణలంక మునగలేదు. దాన్ని ఎవరు కట్టించారన్నదాని మీద పార్టీల వాదన ఇంకా నడుస్తోంది. కానీ అదే రోజు వెనకవైపునుంచి బుడమేరు కట్టలు తెంచుకుని సింగ్‌నగర్ మీద పడింది. పొంగిన కృష్ణ, బుడమేరు మళ్లింపు కాలువ నీళ్లను తనలోకి రానివ్వలేదు. లక్షలమంది రోజుల తరబడి మేడలమీద ఉండిపోయారు. 2005లోనూ బుడమేరు పొంగింది, ఆ సంగతి ఎవరికీ తెలియక కాదు. పెద్ద నది భయం చిన్న ఏటిని మరిపించింది. ఏరు పారాల్సిన చోట అప్పటికి వీధులూ మేడలూ లేచాయి.

సిద్ధపాటు నిల్వ ఉండే సరుకు కాదని కూడా మన తీరమే చూపించింది. 1990 మేలో మచిలీపట్నం దగ్గర దాటిన తుపాను 1977 నాటిదానికి తీసిపోనిది. లక్షలమందిని ముందే తరలించారు. మృతులు వెయ్యిలోపు. పదివేల నుంచి అక్కడికి రావడం చిన్న విషయం కాదు. ఆరేళ్లకు, 1996 నవంబరు 6న, కోనసీమలో మళ్లీ వెయ్యిమందికి పైగా పోయారు. ఒడిశా ఈ విషయంలో మనకంటే నిలకడ చూపింది. 1999 మహా తుపానులో పదివేల మంది పోయాక ఆ రాష్ట్రం పెట్టిన విపత్తు నిర్వహణ సంస్థ ఇవాళ్టికీ పనిచేస్తూనే ఉంది. 2019లో ఫణి వస్తే పన్నెండు లక్షలమందిని కదిలించింది. సంస్థ పాతబడనివ్వడం కూడా ఒక సిద్ధపాటే.

ఆస్ట్రేలియాలో గతాన్ని కొలిచి గోడ కట్టకుండా, ఉన్నచోటునే వదిలేసిన ఊరు ఒకటుంది. క్వీన్స్‌లాండ్‌లో గ్రాంథమ్. 2011 జనవరి 10న కొండవాగు ఒక్కసారిగా వచ్చి ఆ చిన్న ఊళ్లో పన్నెండు మందిని తీసుకుపోయింది. లాకియర్ వ్యాలీ కౌన్సిల్ మేయర్ స్టీవ్ జోన్స్. ఊరి పైన మెరక భూమిని కౌన్సిల్ కొన్నది. పల్లంలో ఉన్నవాళ్లు తమ స్థలం ఇచ్చి, పైన స్థలం తీసుకోవచ్చంది. అదే నెలల్లో పుట్టిన క్వీన్స్‌లాండ్ పునర్నిర్మాణ సంస్థ మామూలు అనుమతుల చిక్కులు తప్పించింది. ఏడాది తిరగకముందే కొన్ని కుటుంబాలు కొత్త ఇళ్లలోకి వెళ్లాయి. అందరూ వెళ్లలేదు, బలవంతమూ పెట్టలేదు. అయినా ఈ దేశంలో దీన్ని మించినది నాకు కనబడలేదు. ఊరు చిన్నది, భూమి దొరికింది, మేయరు మొండివాడు అన్న మూడూ కలిసొచ్చాయి. లిస్మోర్‌లో ఇళ్లు కొనేసే పథకం పెట్టారు గానీ, కొనేసిన తర్వాత వాళ్లు వెళ్లాల్సిన మెరక ఎక్కడుందో ముందు చూపించలేకపోయారు.

అనుమతి ఇవ్వకపోవడం అన్నిటికంటే చవకైన సిద్ధపాటు. అన్నిటికంటే కష్టమైనదీ అదే. సిడ్నీ పడమర హాక్స్‌బరీ-నేపియన్ నది లోయ. వారగాంబా డ్యాము గోడ ఎత్తు పెంచితే చాలని ఒక ప్రభుత్వం ఏళ్ల తరబడి చెప్పింది. 2023లో వచ్చిన మిన్స్ ప్రభుత్వం ఆ పథకాన్ని ఆపేసి, అక్టోబరులో ఆ లోయలో తలపెట్టిన వేల కొత్త ఇళ్లకు కూడా కత్తెర వేసింది. మార్స్‌డెన్ పార్క్ నార్త్ అందులో ఒకటి. మార్స్‌డెన్ పార్క్ పేరు చెబితే సిడ్నీలో ఉన్న మీ బంధువుల్లో నలుగురైనా గుర్తుకొస్తారు.

మనకు ఇంకా దగ్గరిది మారిబర్నాంగ్ నది. 2022 అక్టోబరు 14న వందల ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. ఎదురుగా ఫ్లెమింగ్టన్ గుర్రప్పందేల మైదానం తన గోడ వెనక పొడిగా ఉంది. అవండేల్ హైట్స్‌లో రివర్‌వ్యూ అనే వృద్ధుల నివాసంలోకి నీళ్లు పోయాయి. వరదకు కొన్నేళ్ల ముందే ఆ స్థలం మీదున్న ముంపు ఆంక్షను తీసేశారు. కాగితం చూసుకుని కొన్నవాళ్ల తప్పు ఇందులో ఏముంది?

ముంపు పటాల్లో ‘వందేళ్లకోసారి’ అని ఉంటే మనకు నిశ్చింత. దాని అర్థం ఏటా నూటికి ఒక వంతు అవకాశం ఉందని. ముప్ఫై ఏళ్ల హోమ్‌లోన్ కాలానికి ఆ లెక్క వేసి చూడండి, మీలో సగంమంది అలాంటి లెక్కలు చేసి జీతం తెచ్చుకునేవాళ్లే. అప్పు తీరేలోపు ఒక్కసారైనా నీళ్లు రావడానికి 26 శాతం. నాలుగో వంతు. అదీ వానలు పాత వానల్లాగే ఉంటాయనుకుంటే.

2024లో మెల్‌బోర్న్ వాటర్ సంస్థ మారిబర్నాంగ్‌కు కొత్త లెక్కలు వేసి పటాలు బయటపెట్టింది. వాతావరణ మార్పును కూడా అందులో కలిపింది. ఈసారి గడిచిన వరదకు ఆగకుండా రాబోయేదాన్ని కొలిచింది. అంటే ఇంతసేపూ నేను ప్రభుత్వాన్ని అడుగుతున్నది చేసింది. కెన్సింగ్టన్ బ్యాంక్స్ అనే కాలనీలో ఎప్పుడూ మునగని వందల ఇళ్లు ముంపు రంగులోకి వచ్చాయి. అక్కడివాళ్లు మండిపడ్డారు. ఇళ్ల ధర పడిపోతుంది, బీమా రాదు, వస్తే కట్టలేం, ఈ లెక్కలు తప్పు అన్నారు. లెక్కలు సరిచూడమనడం వాళ్ల హక్కు. వాళ్ల స్థానంలో ఉంటే నేనూ అదే సభలో నిలబడి అరిచేవాణ్ణి అనుకుంటాను. రేపు ట్రుగనీనాకో పాయింట్ కుక్‌కో అలాంటి పటం వస్తే మన సంఘాలు ఏ పక్కన నిలబడతాయో నాకు తెలియదు. కాఫీ పెట్టారు. ముందు ఆ ప్రశ్న మీద మీరేమంటారో వింటాను.